ఏసీ ఆపిన ముప్పావు గంట

మంగళవారం ఉదయం పదకొండూ పదికి నేను ల్యాబు మేడ ఎక్కేసరికి ఎస్సై గౌరీశంకర్ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. ల్యాబు తుడిచే మణెమ్మను కూడా స్టేషన్ నుంచి తీసుకొచ్చాడు. ఆమె గుమ్మం బయట, చెప్పులు విడిచే చోట కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ కొంగు ఎందుకు అడ్డం వచ్చిందో నాకు తెలుసు.

నిన్న ఉదయం, ల్యాబు కింద టీకొట్టు ముందు, పదిహేనుమంది చూస్తుండగా ఆమె సంచీ బోర్లించింది నేనే. క్యారేజీ పడింది. బైబిలు పడింది. చిన్న ప్లాస్టిక్ డబ్బా పడి మూత ఊడి, అందులోని కట్టుడుపళ్ళు రోడ్డు మీద దొర్లాయి. ఎవరో నవ్వారు. పోయిన సీసా మాత్రం అందులో లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, చోడవరంలో డిటెక్టివ్ బ్యూరో అని బోర్డు పెట్టుకున్నదాన్ని. ఆడమనిషి సంచీ వెతకాలంటే లోపలికి తీసుకెళ్ళి వెతకాలని నాకు తెలియదా? తెలుసు. నలుగురూ చూడాలనే అక్కడ వెతికాను.

"రండి అచ్చియ్యమ్మగారూ," అన్నాడు గౌరీశంకర్. ఇతను ట్రైనింగులో ఉన్నప్పుడు పంచనామా రాయడం నేర్పింది నేనే. "మీరు సూపించిన దొంగే కదా. మళ్ళీ ఏటి పని పడింది?"

"ఎన్నింటికి కోర్టులో పెడతన్నావు?"

"నాలుగింటికి. ఒప్పుకోదు. ఒప్పుకోకపోయినా పర్లేదు. ఆదివారం ఈ గదిలోకెళ్ళింది ఈవిడొక్కర్తే. మీరు సెప్పిందే, నేను రాసుకున్నాను."

"నేనే సెప్పేను. అది సరిగ్గా ఉందో లేదో సూసుకుందారని వచ్చేను."

అతను నవ్వాడు. "రిటైరైనోళ్ళకి డౌట్లెక్కువ. సూసుకోండి. నాలుగు దాకా మీదే."

గదిలోకి వెళ్ళాను. పది అడుగుల గది. కిటికీ ఒకటి. పైన ఏసీ. ఒక మూల పెద్ద కంప్యూటరు, దాని లోపల నీలం లైట్లు, ఫ్యాన్ల హోరు. రెండో మూల చిన్న ఫ్రిజ్జు. ఎదురు గోడ మీద ప్రారంభోత్సవం నాటి ఫోటో. అందులో నేను ముఖ్య అతిథిగా పట్టుచీర కట్టుకుని, మైకు ముందు, ఎర్ర మూత ఉన్న చిన్న సీసా ఒకటి పైకెత్తి పట్టుకుని నవ్వుతున్నాను. ఆ ఫోటో వైపు చూడకుండా ఫ్రిజ్జు దగ్గరికి నడిచాను.

ల్యాబు ఉమామహేష్‌ది. వడ్డాది కుర్రాడు, ముప్పై నాలుగేళ్ళుంటాయి. పెద్ద చదువులు చదివి, చెరుకు కోతల్లో పాముకాట్లకి పోతున్నవాళ్ళను చూసి, ఆ విషానికి విరుగుడు కంప్యూటర్లో వెతుకుతానని ఇక్కడ ఈ గది తీసుకున్నాడు. సోమవారం పొద్దున్న ఫ్రిజ్జులో ఒక సీసా కనిపించలేదని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది అతనే. ఇప్పుడు కంప్యూటరు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రెండు రాత్రులు నిద్రపోయినట్టు లేడు.

ఫ్రిజ్జు తెరిచాను. సీసాలు నిలబెట్టే చిల్లుల పలక ఒకటి. పై వరసలో నీలం మూతల సీసాలు ఆరు, ఒక్క చిల్లూ ఖాళీ లేదు. కింది వరస మొత్తం ఖాళీ. ఒక చిల్లు చుట్టూ మాత్రం ఎర్ర పెన్నుతో గీసిన సున్నా ఉంది.

"పోయింది ఈ సున్నాలోదేనా బాబూ?"

"అవునండి."

"ఇదొక్కటే ఎందుకు విడిగా ఉంది?"

అతను గౌరీశంకర్ వైపు చూశాడు. "అది... స్పెషల్ శాంపిలండి."

ఫిర్యాదులోనూ ఇదే మాట ఉంది. విలువైన శాంపిల్ సీసా ఒకటి అని రాశాడు తప్ప అందులో ఏముందో రాయలేదు. నిన్న నాకు ఆ ప్రశ్న తట్టలేదు. దొంగ దొరికిందనే సంబరంలో ఉన్నాను.

ముందు మణెమ్మతో మొదలుపెట్టాను. గుమ్మం దగ్గరికెళ్ళి నేనూ నేల మీదే కూర్చున్నాను.

"మణెమ్మా, ఈ గది ఎలా తుడుస్తావో మొదట్నించీ సెప్పు."

"ఏటి సెప్పమంటారమ్మా? అందరూ తుడిసినట్టే." కొంగు తియ్యకుండానే మాట్లాడింది.

"లోపలికెళ్ళగానే ఏటి సేస్తావు?"

"ఏసీ ఆపుతాను. కిటికీ తీస్తాను. మూసేసిన గదిలో తడిగుడ్డ పెడితే నేల ఆరదు, కంపు కొడతది. ఆరేక కిటికీ మూసి మళ్ళీ ఏసీ ఏస్తాను. ఆ బాబు రెండు మూడుసార్లు తిట్టేరు కూడా, మిషను వేడెక్కిపోతందని. నేల కంపు కొడితే తిట్టేదీ ఆ బాబే కదా!"

"రోజూ ఎన్నింటికి?"

"తొమ్మిదింటికి. ఆదివారం మాత్రం చర్చి నించొచ్చి, ఒంటిగంటకి."

"చర్చికి ఎన్నింటికెళ్ళేవు?"

"పది కొట్టకముందే. పన్నెండున్నర దాకా అక్కడే. పాటల్లో ముందు వరసలో ఉంటాను." కొంగు సర్దుకుంది. "ఆ పళ్ళు అందుకే సంచిలో ఉంటాయమ్మా. పాడేటప్పుడు ఎట్టుకుంటాను."

నేను తల దించుకున్నాను. గౌరీశంకర్ వెనకాల దగ్గాడు.

లేచి ఉమామహేష్ దగ్గరికి వెళ్ళాను. "ఈ మిషను వేడెక్కితే ఏమవుతుంది?"

"స్లో అయిపోద్దండి. తనని తాను కాపాడుకోడానికి స్పీడు తగ్గించుకుంటాది."

"ఆదివారం నడిచిందా?"

"ఇరవై రోజుల్నించి ఆపకుండా నడుస్తోందండి."

"ఏం నడుస్తోంది? ఎస్సైగారికి కూడా అర్థమయ్యేలా చెప్పు."

చెప్పాడు. పాము విషంలో ఒక ప్రోటీను ఉంటుంది. అది వెళ్ళి మన నరానికి, కండకి మధ్య ఉండే చోట అతుక్కుంటుంది. దాంతో ఊపిరి ఆగిపోతుంది. అది మనకి అతుక్కోకముందే దానికి అతుక్కుని కూర్చునే ఇంకో చిన్న ప్రోటీను కావాలి. ఏ ఆకారమైతే అతుకుతుందో, వేలకొద్దీ పాత ఆకారాలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాం ఒకటి ఊహించి ఇస్తుంది. ఆ ఊహ నిజమా కాదా అని ఇంకో ప్రోగ్రాం రెండింటినీ కంప్యూటర్లోనే నీళ్ళలో వేసినట్టు వేసి, అణువు అణువునీ కదిలించి చూస్తుంది. సెకనుని వందకోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో అవి ఎంత కదిలాయో లెక్క. రోజంతా తిప్పితే నూట ఎనభై ముక్కలు వస్తాయి.

"రోజంతా తిప్పితే సెకనులో అంతేనా?" అన్నాడు గౌరీశంకర్. "మా కోర్టుల కంటే స్లో."

"ఎంత స్పీడుగా పోతోందో మిషను ఎక్కడైనా రాసుకుంటుందా?" అన్నాను.

ఉమామహేష్ ముఖం మారింది. నాకంటే ముందే అతనికి అర్థమైంది. "అయిదు నిమిషాలకోసారి ఒక లైను రాస్తాదండి. టైమూ, స్పీడూ."

కుర్చీలో కూర్చుని తెర మీద ఆ లైన్లు తెరిచాడు. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. సోమవారం నుంచి శనివారం దాకా నూట ఎనభై, నూట డెబ్బై తొమ్మిది, నూట ఎనభై. తొమ్మిదీ అయిదు దాటగానే నూట నలభైకి పడుతుంది. తొమ్మిదిన్నరకి మళ్ళీ లేస్తుంది. ప్రతిరోజూ అంతే. మణెమ్మ ఏసీ ఆపి కిటికీ తీసినప్పుడల్లా ఆ మిషను పుస్తకంలో రాసుకున్నట్టు రాసుకుంది.

"ఆదివారం చూపించు."

ఒంటిగంటా పది నుంచి ఒకటిన్నర వరకు పడింది. అది మణెమ్మే. రిజిస్టర్లో ఆమె వేలిముద్ర ఉంది.

దానికి ముందు ఇంకొకటి ఉంది. పదీ ఇరవైకి పడిపోయింది. పదకొండూ అయిదు దాకా లేవలేదు.

"ముప్పావు గంట," అన్నాను. "ఆ టైములో మణెమ్మ చర్చిలో ముందు వరసలో పాడతంది. ఎస్సైగారూ, ఇది రాసుకోండి."

"కరెంటు పోయుంటది. మన ఊళ్ళో కరెంటు పోడానికి దొంగ కావాలా?"

"కరెంటు పోతే రన్, అంటే ఆ లెక్క, ఆగి మళ్ళీ మొదలైనట్టు పడుతుందండి," అన్నాడు ఉమామహేష్. "ఇక్కడ ఆగలేదు. గది వేడెక్కింది, అంతే."

గౌరీశంకర్ టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు. కోపం వస్తే అలా పెడతాడు. "సరే. పదింటికి ఎవడో వచ్చేడనుకుందాం. సీసా ఒంటిగంటకి ఈవిడే తీసుండొచ్చు కదా. ఈ కంప్యూటరు డబ్బా స్పీడు తగ్గితే దొంగతనం జరిగినట్టేనా? కోర్టులో నన్ను నవ్వులపాలు సెయ్యడానికా?"

"పదింటికి ఎవరూ రాలేదని చెప్పినవాడు అబద్ధం చెప్పేడు. అబద్ధం ఎందుకు చెప్పేడో ముందు తేలాలి."

"అదీ మాట." అతను నా ముఖంలోకి చూశాడు. "ఎవరూ రాలేదని సెప్పింది వాచ్‌మన్. తాళం ఉండేది వాచ్‌మన్ దగ్గర. ఆ మాట పట్టుకునే కదా తమరు ఈవిడ సంచీ రోడ్డు మీద బోర్లించేరు. ఆ వాచ్‌మన్ని మీరెందుకు ఒక్క ప్రశ్న కూడా అడగలేదో, స్టేషన్లో టీ పోసేవాడిక్కూడా తెలుసు."

నేను పైకి చూశాను. గోడ గడియారంలో పదకొండూ ముప్పై ఎనిమిది.

దొంగ హడావుడిగా వస్తాడు, తీసుకుని పోతాడు. ఏసీ జోలికి ఎందుకు పోతాడు? ముప్పావు గంట ఉండి, ఏసీ ఆపుకుని కూర్చునే మనిషి ఎవడు? చలి పడనివాడు. ఇరవై ఏళ్ళ వయసులో ఏజెన్సీ కొండల్లో కలప కూలికి వెళ్ళి చలిజ్వరం తెచ్చుకుని, అప్పట్నించీ ఎండాకాలంలో కూడా మెడకి తువ్వాలు చుట్టుకుని తిరిగేవాడు. మా ఇంటికి వస్తే మే నెలలో కూడా వాడి కోసం నేను ఫ్యాను ఆపుతాను. తెర మీద ఆ ముప్పావు గంట కనిపించిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

తెలిసి కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఊరుకుంటే ఏమవుతుందని ఒక ఆలోచన వచ్చింది. మిషను మాట కోర్టులో నిలవదని గౌరీశంకరే అంటున్నాడు. మణెమ్మకి బెయిలు వస్తుంది. నాలుగు రోజులకి ఊరు మరిచిపోతుంది. ఆ ఆలోచనతో నేను రెండు నిమిషాలు నిలబడ్డాను. ఎవరూ చూడలేదు గానీ, గడియారం చూసింది. పదకొండూ నలభై.

"వాచ్‌మన్ బంగార్రాజు మా తమ్ముడు," అన్నాను. "ఈ ఉద్యోగం వేయించింది నేనే. ఆదివారం పదీ ఇరవైకి ఈ గదిలో ఉన్నది వాడే. మణెమ్మని వదిలెయ్యి బాబూ."

గుమ్మం దగ్గర మణెమ్మ తలెత్తింది. నన్ను చూసింది, అంతే.

గౌరీశంకర్ గెలిచినట్టు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "వాడెక్కడున్నాడు?"

"ఆగు. వాడి కంటే ముందు ఇతన్ని అడగాలి." ఉమామహేష్ వైపు తిరిగాను. "ఆ ఎర్ర సున్నాలో ఏముండేది?"

"చెప్పేనండి కదా, శాంపిల్..."

"నీలం మూతలు ఆరూ ఉన్నాయి. నువ్వు తయారు చేయించిన విరుగుడు ఏ మూత?"

అతను ఫ్రిజ్జు వైపు చూశాడు. "నీలం."

"అంటే విరుగుడు పోలేదు. ఏది పోయింది?"

అతను కుర్చీలో ముందుకి వంగి ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. "విషమండి. పాము విషంలోని ఆ ప్రోటీనే. టెస్టు చేద్దామని తెప్పించేను. ఇలాంటి ఫ్రిజ్జులో, తాళం లేకుండా పెట్టకూడదు. పర్మిషనూ లేదు. బయటికొస్తే ల్యాబు మూసేస్తారు. సీసా పోయిందంటే చాలు, మీరు పట్టుకొచ్చేస్తారు, గుట్టుగా మళ్ళీ లోపల పెట్టేద్దామనుకున్నాను."

"మణెమ్మని స్టేషన్లో కూర్చోబెట్టినా నువ్వు నోరు తెరవలేదు."

"సిగ్గేసిందండి." తల ఎత్తలేదు. "ఇంకో మాట కూడా. ఆ విరుగుడు కూడా పనికిరాదు. కొద్దిసేపే తిప్పిన చిన్న రన్నుల్లో విషాన్ని గట్టిగా పట్టుకుంది. అప్పుడే ప్రారంభోత్సవం పెట్టుకున్నాం. ఈ ఇరవై రోజుల పెద్ద రన్నులో శనివారం చూశాను. వదిలేసింది. విషం ఒక పక్కకి, అది ఇంకో పక్కకి పోయాయి. ఎవరికీ చెప్పలేదు."

గౌరీశంకర్ ఒక బూతు మాట అన్నాడు. నాకు అది వినపడింది గానీ తలకెక్కలేదు. నేను గోడ మీది ఫోటో చూస్తున్నాను.

ఆ రోజు నేను మాట్లాడాల్సింది ఉమామహేష్ కాగితం మీద రాసిచ్చాడు. ఇది కంప్యూటర్లో మాత్రమే పని చేసింది, మనిషి దాకా రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది, ఎవరినైనా పాము కరిస్తే ఆస్పత్రికే తీసుకెళ్ళండి. ఇవన్నీ అందులో ఉన్నాయి. జనం కదులుతున్నారు, భోజనాల వైపు చూస్తున్నారు. చప్పగా ఉంటుందని ఆ మూడు ముక్కలూ వదిలేశాను. పాముకాటుకి మన చోడవరంలో మందు దొరికింది అన్నాను. ఆగకుండా చప్పట్లు కొట్టారు. ఫోటోగ్రాఫరు చెయ్యెత్తమంటే, ఫోటోలో బాగా కనబడుతుందని ఉమామహేష్ ఇచ్చిన సీసా ఎత్తాను. ఉత్త నీళ్ళ సీసా.

దానికి ఎర్ర మూత.

ఫోను తీసి బంగార్రాజుకి కొట్టాను. పదకొండూ నలభై తొమ్మిది. స్పీకరులో పెట్టాను. నా తమ్ముడి మాట ఈసారి నేనొక్కదాన్నే వినకూడదు.

"అప్పా," అన్నాడు. తువ్వాలు నోటికి అడ్డం ఉన్నట్టుంది గొంతు.

"ఒరే, ఆదివారం ఫ్రిజ్జులో ఏటి తీసేవు?"

ముక్కు ఎగబీల్చాడు. తర్వాత ఏడుపు గొంతుతో మొదలుపెట్టాడు. "నేనమ్ముకోలేదప్పా. నీ మీదొట్టు. దేవరాపల్లి కాడ పెదబాబు ముఠా చెరుకు కొడతంది కదా. పోయినేడు ఆల ముఠాలో ఇద్దరు పోయేరు. మందు దొరికిందంట కదా, మీ అప్ప సెప్పింది కదా, మాకొకటి ఇప్పించు అని నా ఎనకాల పడ్డారు. ఒక్క సీసాయే కదా అని..."

"ఏ సీసా తీసేవు?"

"నాకు ఇంగ్లీసొచ్చేటి? గోడ మీద నీ ఫోటో ఉంది కదా. నువ్వట్టుకున్న సీసా ఎలాగుందో అలాటిదే ఎతికేను. నీలం మూతలోటి తీసి సూసేను, అది కాదు. మళ్ళీ ఎట్టేసేను. ఎర్రది ఒక్కటే ఉంది. తీసినాక భయమేసి అక్కడే కూకుండిపోయేను కాసేపు. చలేసి ఏసీ ఆపేసేను."

"అదిప్పుడు ఎక్కడుంది?"

"దేవరాపల్లి ఆరెంపీ, తోమా డాక్టరు దగ్గిర. ఆయన దగ్గిర ఫ్రిజ్జుంది కదా, అందులో ఎట్టించేను." గొంతులో చిన్న ఉత్సాహం వచ్చింది. "అప్పా, నువ్వు తిడతావు గానీ, మంచే జరిగింది. ఇప్పుడే పెదబాబు ఫోన్ సేసేడు. చెరుకు కట్టలు కట్టే పిల్ల రోజా లేదూ, ఆ గుంటకి పొద్దున్న పాము కరిసిందంట. తోమా కాడికి తీసుకొచ్చేసేరంట."

"ఆస్పత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదురా?"

"మందు మన దగ్గిరే ఉంది కదప్పా?"

ఉమామహేష్ కుర్చీ వెనక్కి పడింది. లేచి నిలబడ్డాడు, కానీ ఎటు వెళ్ళాలో తెలియనట్టు అక్కడే ఉండిపోయాడు.

"తోమాకి ఫోన్ చెయ్యి. ఆ సూది ఆపమను. ఇప్పుడే!"

"ఆయన నంబరు నా కాడ లేదప్పా. పెదబాబుకి సేస్తాను." లైను కట్టయింది. మళ్ళీ నేను కొడితే బిజీ వచ్చింది. గౌరీశంకర్ అప్పటికే దేవరాపల్లి స్టేషనుకి చెబుతున్నాడు. జీపు వెళ్ళడానికి ఎంత సేపని అడిగాడు. పది నిమిషాలన్నారు. సూదికి పది నిమిషాలు అక్కర్లేదు.

"తోమా నంబరు నా కాడుంది," అంది మణెమ్మ.

ముగ్గురం గుమ్మం వైపు తిరిగాం.

"మా చర్చి పెద్దగారి కొడుకు. నంబరు నా ఫోన్లో ఉంది. ఫోను ఈ బాబు జేబులో ఉంది."

గౌరీశంకర్ జేబులోంచి సీలు వేసిన కవరు తీశాడు. తనే సంతకం చేసిన సీలు. గోటితో చించి, ఫోను ఆమె చేతిలో పెట్టాడు. రెండు చేతులతో పెట్టాడు.

మణెమ్మ అక్షరాలు చూడలేదు. ఏ బొమ్మ నొక్కాలో ఆమెకి తెలుసు. పదకొండూ యాభై మూడు. మూడు రింగులకి ఎత్తారు. అటువైపు గోల మా దాకా వినపడుతోంది. ఎవరో ఆడమనిషి శోకాలు పెడుతోంది.

మణెమ్మ కొంగు నోటి మీంచి తీసేసింది. పళ్ళు లేని నోటితో గట్టిగా అరిచింది. "తోమా! నేను మణెమ్మత్తని. ఆ సూది ఆపు!"

"అత్తా, టైము లేదు. గుంట కళ్ళు వాలిపోతన్నాయి. మరేం పర్లేదు, అచ్చియ్యమ్మగారి మందే ఎక్కిస్తన్నాను."

అచ్చియ్యమ్మగారి మందు. దేవరాపల్లిలో దానికి పెట్టుకున్న పేరు అది.

"అది మందు కాదురా, ఇషం!"

"నీకెవరు సెప్పేరత్తా? నిన్ను స్టేషన్లో పెట్టేరంట కదా?"

మణెమ్మ ఫోను చెవి దగ్గర్నించి తీసింది. నా వైపు చాపింది. ఆ కళ్ళలో కోపం వెతికాను. కోపం ఉంటే బాగుండేది.

"నే సెప్తే నమ్మడమ్మా," అంది. "నిన్నట్నించి నేను దొంగని. తమరే సెప్పండి. తమరు సెప్పిందే కదా అందరూ నమ్మేరు."

ఫోను తీసుకున్నాను. స్పీకరు నొక్కమన్నాను తోమాని. అక్కడున్న వాళ్ళందరికీ వినపడాలన్నాను. నిన్న మణెమ్మ సంచీ బోర్లించినప్పుడు కూడా నేను ఇలాగే అందరూ వినాలనుకున్నాను.

"నేను అచ్చియ్యమ్మని మాట్లాడుతన్నాను. ఆ రోజు స్టేజీ మీద నేను సెప్పింది అబద్ధం. మందు దొరకలేదు. కంప్యూటర్లో కూడా దొరకలేదు. మీ చేతిలో ఉన్నది పాము విషం. నా ఫోటో సూసి మా తమ్ముడు పొరపాటున తెచ్చేడు. తోమా, సూది బయటికి లాగెయ్యి. బండేదుంటే అదెక్కించి పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి. ఊపిరి ఆగిపోతే నోట్లో నోరు పెట్టి ఊదతానే ఉండండి, ఆపొద్దు. వినపడిందా? తోమా?"

అటువైపు శోకాలు ఆగిపోయాయి. గోల ఆగిపోయింది. ఇటు గదిలో ఆ పెద్ద మిషను ఫ్యాన్ల హోరు తప్ప ఇంకేమీ లేదు.

"తోమా!"

"సగం ఎక్కించేసేనమ్మా," అన్నాడు.